ఫ్లైట్ రద్దయితే టికెట్‌ను మీరు క్యాన్సిల్ చేయకండి

ఫ్లైట్ రద్దయిందని మెసేజ్ రాగానే టెన్షన్‌లో చాలామంది యాప్ తెరిచి టికెట్‌ను తామే క్యాన్సిల్ చేసేస్తారు. దయచేసి అలా చేయకండి. అప్పుడది మీ అంతట మీరు మానుకున్న ప్రయాణం కింద లెక్క, ఛార్జీలు పట్టుకుని మిగతాదే ఇస్తారు. విమానసంస్థ రద్దు చేసినప్పుడు మాత్రం సాధారణంగా పూర్తి డబ్బు గానీ, వేరే ఫ్లైట్‌లో సీటు గానీ అడగొచ్చు.

కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి ఉండగానే కస్టమర్ కేర్‌కు ఫోన్ కలపండి. ఖాళీ సీట్లు కొన్నే ఉంటాయి, ఎవరు ముందు అడిగితే వాళ్లకే. ‘ఏదో ఒకటి చూడండి’ అనకుండా ఫలానా నంబర్ ఫ్లైట్‌లో వేయమని చెప్పగలిగితే పని త్వరగా అవుతుంది. దగ్గర్లోని ఇంకో ఎయిర్‌పోర్టుకైనా పర్వాలేదంటే ఆ మాటా చెప్పండి.

లగేజీ అప్పటికే ఇచ్చేసి ఉంటే, కొత్త ఫ్లైట్‌కు దాన్ని మార్చారో లేదో అక్కడే కనుక్కోండి. హడావిడిలో ఇది చాలామంది మర్చిపోతారు. అంతర్జాతీయ ప్రయాణంలో బ్యాగ్ ఆలస్యంగా చేరితే, 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అది చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. బ్యాగ్ వచ్చేలోగా అవసరానికి కొన్నవాటి రసీదులు దాచుకోండి.