లక్ష కిలోమీటర్లు దాటిన బైక్ ఉన్నోళ్లకు ఆయిల్ ముచ్చట

మన నల్లగొండ, దేవరకొండ దిక్కు పాత వంద సీసీ బండ్లు లక్ష దాటినంక గూడ రోజు పొలం కాడికి, మార్కెట్‌కు తిరుగుతనే ఉంటయి, కానీ ఆయిల్ మాత్రం సర్వీసింగ్ రోజే యాదికొస్తది చాలామందికి. పాత ఇంజన్‌ల రింగులు, వాల్వ్ సీళ్లు అరిగి ఆయిల్ కొద్దికొద్దిగ కాలిపోతుంటది, అసలు వీటిల్ల పట్టేదే లీటరు అటు ఇటు, అండ్ల పావు లీటరు పోయిందంటే మిగిలినదాని మీద ఎంత లోడ్ పడ్తదో చూడుండ్రి. అందుకే పది పదిహేను రోజులకోసారి లెవల్ చూసుకోవాలె.

సాపు జాగల మెయిన్ స్టాండ్ వేసి, కొద్దిసేపు ఇంజన్ నడిపి బంద్ చేసి, రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ కొలిచే పుల్ల) తుడిచి పెట్టాలె, చాలా బండ్లకు మర తిప్పకుండ ఊకె ఆనిచ్చి చూడాలె, తిప్పితే లెవల్ ఎక్కువ చూపిస్తది. కింది గీత కాడికొస్తే అదే గ్రేడ్ పోయుండ్రి, పై గీత దాటనియ్యొద్దు.

గ్రేడ్ అంటే ఆయిల్ ఎంత చిక్కగుంటదో చెప్పే నంబరు, బండి పుస్తకంల ఉన్నదే పోయాలె, 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే. పొగొస్తుందని చిక్కటిది పోస్తరు కొందరు, పుస్తకంల ఆ గ్రేడ్ గూడ రాసుంటేనే పోయాలె, అయినా అరిగిన రింగులను ఏ ఆయిలూ బాగుచెయ్యదు. కార్ ఆయిల్ అస్సలొద్దు, బైక్‌ల క్లచ్ గూడ ఇంజన్ ఆయిల్లనే మునిగుంటది, కార్ ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు, డబ్బా మీద జాసో (JASO) ఎంఏ లేకపోతే ఎంఏ2 అని, అంటే బైక్ క్లచ్‌కు పనికొచ్చే ఆయిల్ అనే గుర్తు, ఉందా చూడుండ్రి. ఆయిల్ నల్లగైతే భయపడొద్దు, పాలలెక్క తెల్లగైతే మాత్రం నీళ్లు కలిసినట్టే, వెంటనే మార్పియ్యాలె. మట్టిరోడ్ల మీద దుమ్ముల తిరిగే బండికి పుస్తకంల రాసిన కిలోమీటర్ల కంటే ముందే మార్చుండ్రి, ఎయిర్ ఫిల్టర్ గూడ అప్పుడే చూపించుకోండ్రి.