గ్రహబలం – 6వ పాఠం: ఉచ్చబలం, మళ్లీ ఒకసారి

ఉచ్చబలం అంటే గ్రహం తన పరమోచ్చకు, అంటే బలం అన్నిటికంటే ఎక్కువగా ఉండే బిందువుకు, ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత. పోయినసారి ఇచ్చిన లెక్క చిన్నదే. రవి స్ఫుటం, అంటే రాశి-భాగ-కళల్లో రవి ఉన్న చోటు, 6-10-0 (భాగ అంటే డిగ్రీ, రాశికి 30; కళ భాగలో అరవయ్యో వంతు). ఉచ్చబలం ఎంత? ఎక్కువమంది 10 అని పంపారు. సరైన జవాబు సున్నా. అందరూ ఒకే చోట జారారంటే తప్పు నాదే. తెలిసిన సంగతే కదా అని దాటేశాను. ఈ వారం నీచభంగం (నీచలో ఉన్న గ్రహానికి ఆ దోషం తొలగడం) మొదలుపెడదామనుకున్నాను, అది తర్వాత చూద్దాం.

స్ఫుటంలో మొదటి అంకె గతరాశి, అంటే గ్రహం దాటి వచ్చేసిన రాశుల సంఖ్య. 6 అంటే ఆరు రాశులు అయిపోయాయి, ఏడోది నడుస్తోంది. ఏడోది తుల. మీరేమో ఆరో రాశి కన్య అనుకున్నారు. "మావాడికి ఆరేళ్లు నిండి ఏడో ఏడు నడుస్తోంది" అంటాం కదా, ఇదీ అంతే. గడియారం 6-10 చూపిస్తే నడుస్తున్నది ఏడో గంట. 0-10-0 అంటే మేషంలో పదో భాగ. ఒకరైతే సున్నా రాశి అనేదే లేదు కాబట్టి అది మీనం అని రాశారు! నా పద్ధతి ఒకటే, ముందు ఆ అంకెకు ఒకటి కలిపి రాశి పేరు పక్కన రాసుకోవడం. పేరు రాశాకే లెక్కలోకి దిగుతాను.

కొందరు జాతకాల్లో గతరాశి బదులు నడుస్తున్న రాశి సంఖ్యే వేస్తారు. పట్టికలో ఏ గ్రహానికైనా మొదటి అంకెగా 0 కనిపిస్తే గతరాశి, 12 కనిపిస్తే నడుస్తున్న రాశి. రెండూ లేకపోతే రాశి చక్రంలో ఏ గదిలో ఉందో చూడండి.

ఇంత సాగదీయడానికి కారణం ఉంది. నేర్చుకునే రోజుల్లో చుట్టాలావిడ జాతకంలో గురువు 9-4-50 చూసి, తొమ్మిదో రాశి ధనుస్సు, గురువుకు మూలత్రికోణం (గ్రహం బాగా బలంగా ఉండే చోటు), ఢోకా లేదని చెప్పేశాను. పక్కనే ఉన్న పెదనాన్న చక్రం కాగితం నా ముందుకు జరిపి, "గురుడు ఏ గదిలో ఉన్నాడ్రా?" అన్నాడు. మకరంలో ఉన్నాడు. గురువుకు మకరం 5వ భాగ పరమనీచ, అంటే ఉచ్చబలం సున్నా అయ్యే బిందువు. ఒక్క అంకె తేడాతో మూలత్రికోణంలో కూర్చోబెట్టింది అట్టడుగున ఉన్న గ్రహాన్ని.

ఇక లెక్క. పరమోచ్చ భాగలు వారాల వరుసలో, రవి నుంచి శని దాకా, ఫోన్ నంబర్‌లా బట్టీ పట్టండి: 10, 3, 28, 15, 5, 27, 20. రాశులు అదే వరుసలో మేషం, వృషభం, మకరం, కన్య, కర్కాటకం, మీనం, తుల. పరమనీచ అంటే దానికి ఏడో రాశిలో అదే భాగ. రాహుకేతువులకు ఈ లెక్క లేదు, అడగొద్దు.

గ్రహానికీ దాని పరమనీచకీ మధ్య దూరం భాగల్లో తీయండి. 180 దాటితే 360లోంచి తీసేయండి. మూడుతో భాగించండి. వచ్చినవి షష్ట్యంశలు, అంటే బలాన్ని కొలిచే చిన్న ప్రమాణాలు; 60 అయితే ఒక రూప. కాలిక్యులేటర్ వాడేవాళ్లకు ఒక మాట: 20 భాగల 30 కళలంటే 20.5, 20.30 కాదు.

రవి 6-10-0 అంటే 6 × 30 + 10, 190 భాగలు. రవి పరమనీచ కూడా 190. దూరం లేదు, బలం సున్నా. మీరు కన్య అనుకుని 160 వేశారు, తేడా 30, మూడోవంతు 10. తప్పు దారిలో కూడికలు మాత్రం సరిగ్గానే చేశారు. అన్నట్టు, దీపావళి అమావాస్య నాడు రవి ఉండేది తులలోనే. ఆ రోజు పుట్టినవాళ్ల చక్రం దొరికితే చూసుకోండి.

ఇప్పుడు గురువు. కర్కాటకం 20 అంటే 110. పరమనీచ 275. దూరం 165, బలం 55. అదే గురువు మిథునం 29లో ఉంటే 89 భాగలు. 275లోంచి తీస్తే 186, 180 దాటింది కాబట్టి 174, బలం 58. ఉచ్చ రాశిలో ఉన్నవాడికంటే శత్రువైన బుధుడి ఇంట్లో ఉన్నవాడికి ఎక్కువ! తప్పేం కాదు. ఈ లెక్క చూసేది పరమోచ్చకు ఎంత దగ్గర అని. రాశి ఎవరిదన్న సంగతి సప్తవర్గజ బలంలో (ఏడు వర్గచక్రాల్లో గ్రహం ఎవరి రాశిలో ఉందో చూసే లెక్క) విడిగా వస్తుంది. రెండూ స్థానబలంలోకే, అంటే ఉన్న చోటును బట్టి వచ్చే బలంలోకే, చేరతాయి. అందుకే "ఉచ్చలో ఉన్నాడు" అని సంబరపడేవాళ్లను చూస్తే నాకు విసుగు. ముందు ఏ భాగలో ఉన్నాడో చెప్పమంటాను.

చంద్రుడి దగ్గర ఇంకో పొరపాటు. ఉచ్చ అనగానే రోహిణి అంటారు. వృషభం 3వ భాగ కృత్తిక రెండో పాదం. పరమనీచ వృశ్చికం 3, అది విశాఖ నాలుగో పాదం. అనూరాధ వాళ్లు ఊరికే టెన్షన్ పడొద్దు. వాళ్ల చంద్రుడు ఆ అట్టడుగు బిందువు దాటి పైకి వస్తున్నవాడే. బలం తక్కువే, కానీ సున్నా కాదు.

అభ్యాసం: మీ జాతకంలో ఏడు గ్రహాలకూ, ఇంట్లో ఇంకో ముగ్గురి జాతకాల్లో ఏడేసికీ ఉచ్చబలం తీయండి. మొత్తం 28. సాఫ్ట్‌వేర్ వద్దు, కాగితం మీదే. తర్వాత ఇది: శుక్రుడు ఒకరికి 5-1-0, ఇంకొకరికి 6-2-0. ఒకటి నీచ రాశి, రెండోది మూలత్రికోణం. ఉచ్చబలం ఎవరిది ఎక్కువ, ఎందుకు? రెండు వాక్యాల్లో రాయండి.