పాలమూరులో పాటల దావత్: కీబోర్డు చుట్టూ అందరూ పాడే రాత్రి ఎలా పెట్టుకోవాలి?

పియానో బార్‌లో పాడేవాళ్లు స్టేజీ మీద ఉండరు, బల్లల దగ్గర కూర్చున్న జనమే పాడతారు. అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లోని పాట్ ఓబ్రయన్స్ లాంటి చోట్ల రెండు పియానోల మీద ఇద్దరు పోటాపోటీగా వాయిస్తుంటే, జనం చిట్టీ మీద పాట పేరు రాసి, టిప్పు జతచేసి పంపిస్తారు. మహబూబ్‌నగర్‌లో మన డాబా మీద 61 మెట్ల కీబోర్డుతో ఇదే పని కానీయొచ్చు. నల్గొండైనా, మిర్యాలగూడైనా లెక్క ఇదే.

1. ముందు వాయించే మనిషిని చూసుకోండి

కరోకే చాలదా అంటారు. చాలదు. కరోకే ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. మామ చరణం మర్చిపోయి నవ్వుతుంటే ట్రాక్ ముందుకు పోతూనే ఉంటుంది. మనిషైతే ఆగుతాడు, మళ్లీ పల్లవికి తెస్తాడు.

పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా ఆర్టిస్టు కన్నా, ఆదివారం చర్చిలో వాయించే అబ్బాయిని గానీ భజన మండలిలో హార్మోనియం పట్టే పెద్దమనిషిని గానీ అడగడం మంచిదని నా లెక్క. ఆర్కెస్ట్రావాళ్ల చెయ్యి మస్తు వేగం, కానీ వాళ్లు పాటను రికార్డులో ఉన్నట్టే వాయిస్తారు. చర్చిలో, భజనలో వాయించినవాళ్లకు జనం ఎటు పోతే అటు పోవడం అలవాటు. మీకు కావాల్సింది అదే.

2. శ్రుతి దించండి

రాత్రి బాగుండేదీ చెడేదీ ఇక్కడే. సినిమా పాటలు గొప్ప గాయకుల గొంతుకు తగ్గట్టు కట్టినవి. అదే శ్రుతిలో మనం ఎత్తుకుంటే పల్లవి బాగానే సాగుతుంది, చరణం పైకి పోగానే సగం మంది నోరు మూసుకుంటారు. వాళ్లకు పాట రాక కాదు, గొంతు అందక.

శ్రుతి లెక్కలో ఒకటి అంటే కీబోర్డు మీద C మెట్టు, అర పెరిగితే నల్లవి కూడా కలుపుకొని పక్క మెట్టు. మామూలుగా మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులు, ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర సరిపోతాయి. ఇద్దరూ కలిసి పాడేటప్పుడు లెక్క వేరు. సాయంత్రమే సంగీతం రాని మగమనిషిని ఒకరిని, ఆడమనిషిని ఒకరిని నిలబెట్టి, పాటలో అన్నింటికన్నా పైకి పోయే లైను పాడించండి. మెడ నరాలు తేలాయంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ నొక్కండి. ఒక్కో నొక్కుకు ఒక్కో మెట్టు దిగుతుంది. ఇద్దరికీ సుఖంగా ఉన్నచోట ఆపి, ఆ అంకెను పాట పేరు పక్కన రాసుకోండి. మూడు శ్రుతి మీద మూడున్నర ఉండదు, నేరుగా నాలుగే. చేత్తో లెక్కపెట్టుకునేవాళ్లు అక్కడ తడబడతారు.

మగవాళ్లు కింది స్థాయిలో, ఆడవాళ్లు పై స్థాయిలో పాడుకోనీయండి. అందరినీ ఒకే ఎత్తులో పాడమంటే గోల తప్ప పాట వినబడదు.

3. పాటలను కత్తిరించండి

జనానికి పల్లవి, మొదటి చరణం వస్తాయి. రెండో చరణం దగ్గర అందరూ ఫోన్లు తీస్తారు. తీసేయండి దాన్ని. మధ్యలో వచ్చే పొడుగాటి మ్యూజిక్ బిట్ కూడా వద్దు, ఆ గ్యాప్‌లోనే ముచ్చట్లు మొదలై మళ్లీ ఆగవు. తాళం నాలుగు చుట్లు తిరిగేదాకా వాయించి చరణం ఎత్తుకోవాలి.

కీబోర్డు అబ్బాయికి ఒక మాట చెప్పండి: మొదటి లైను వరస వాయించి దారి చూపించాలి, జనం అందుకున్నాక కార్డ్స్ (మూడు నాలుగు మెట్లు ఒకేసారి కలిపి నొక్కడం) మీదికి మారాలి. వాళ్లు దారి తప్పినప్పుడు మళ్లీ వరస పట్టాలి.

ఇంట్లో అమ్మమ్మ, అత్తమ్మ ఉంటే బతుకమ్మ పాటను వాళ్ల చేతిలో పెట్టండి. ఒకరు లైను అంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకునే పద్ధతి మన ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చింది. సాహిత్యం రానివాళ్లు కూడా పాడగలిగేది అదొక్కటే. కీబోర్డులో దాద్రా లాంటి ఆరు మాత్రల రిథమ్ పెట్టి, చప్పట్లు వేయించండి. మొదటి అరగంటలో ఈ పాట పడిందంటే సిగ్గుపడే మూల కూడా కదులుతుంది.

4. చిట్టీల డబ్బా పెట్టండి

పాట పేరు, అడిగినవాళ్ల పేరు, దాంతో పది రూపాయలు. వచ్చిన పైసలు వాయించినతనికే. అడిగినవాళ్లే ముందు ఎత్తుకోవాలని షరతు పెట్టండి, లేకుంటే అందరూ అడిగేవాళ్లే అవుతారు. పల్లవులను పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు అతికించండి. ఫోన్‌లో చూస్తే తల వంగుతుంది, తల వంగితే గొంతు లేవదు.

5. డాబా, సౌండు, తిండి

ఎండాకాలమైతే ఆరింటికే బండల మీద నీళ్లు చల్లండి, పాలమూరు డాబా ఊరికే చల్లబడదు. కీబోర్డుకు సెల్లులు తెచ్చిపెట్టండి, కరెంటు పోతే పాట ఆగొద్దు. స్పీకరు చిన్నది చాలు. జనం గొంతుల కన్నా కీబోర్డు తక్కువ వినబడాలి.

తినడానికి శనగ గుడాలు, మిర్చి బజ్జీ, నడుమ అల్లం చాయ్. సకినాలు మాత్రం పాట ఆగాకనే. నోట్లో కరకరమంటుంటే ఎవరు పాడతారు? మందు పెట్టుకునేవాళ్లు మొదటి గంట దాటాక పెట్టుకోండి. రెండు పెగ్గుల తర్వాత ధైర్యం పెరిగి శ్రుతి జారుతుంది, అబ్బాయి ఎంత దించినా కలవదు.

6. పది గంటలకు

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు పెట్టరాదు. పది కొట్టగానే స్పీకరు ఆపి, కీబోర్డును హాల్లోకి దించి తలుపులు వేసుకోండి. పక్కింటోళ్లను ముందే పిలిచారా? వాళ్లింట్లో పరీక్షలు రాసే పిల్లలుంటే తారీఖు మార్చుకోండి.

చిట్టీల డబ్బాలో మిగిలిన పాటలను హాల్లో మెల్లగా కానిచ్చి ముగించండి. తాగినవాళ్ల బండి తాళాలు గేటు దగ్గరే తీసుకోండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. జడ్చర్ల వైపు పోయేవాళ్లకు ఆటో మాట్లాడిపెట్టండి, లేదా అక్కడే చాపలు పరవండి.