పడక కుర్చీలో మగవాడు: ఫొటో కోసం సన్నివేశం కట్టే పద్ధతి

మగవాడి పెత్తనాన్నీ, దాని మాటున ఉండే బేలతనాన్నీ ఒకే ఫొటోలో చూపదలచినవారికి కోనసీమలోని పాత మండువా లోగిలి మంచి రంగస్థలం. ముందుగా సన్నివేశాన్ని కాగితంపై రాసుకొని, పడక కుర్చీ వేయించి, మనిషిని వెనక్కి వాలనివ్వకుండా అంచున కూర్చోబెట్టండి. ఆ కుర్చీ దర్జా అంతా వాలడంలోనే ఉంది కనుక, ముందున్న కర్ర తొడలకు ఒత్తుకుంటూ ఉంటే పెద్దరికం దానంతటదే సడలుతుంది.

కెమెరాను మోకాలి ఎత్తులో పెడితే మనిషి గంభీరంగానూ, తలకు పైనుంచి పెడితే చిన్నగానూ కనిపిస్తాడు. నేనైతే కంటి ఎత్తులోనే ఉంచి, మిగతా పనిని చేతులకు అప్పగిస్తాను. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా, దాని కొసను వేలికి చుట్టుకుంటున్న చేయి చాలు. మీసం మెలేయించవద్దు, అది సినిమా పోస్టరవుతుంది. మిట్టమధ్యాహ్నపు వెలుగు మండువాలోంచి నిటారుగా దిగి కళ్ల చుట్టూ నల్లని గుంతలు చేస్తుంది కాబట్టి ఉదయమే తీయాలి.

ఇక ఫొటో తీసేవారి పెత్తనం సంగతి. అమెరికా ఫొటోగ్రాఫర్ ఫిలిప్-లోర్కా డికోర్సియా 1990-92 మధ్య హాలీవుడ్‌లో, డబ్బుకు ఒళ్లమ్ముకునే మగవారిని ముందే అమర్చుకున్న సన్నివేశాల్లో ఉంచి తీసి, పేరు, వయసు, ఊరుతో పాటు తాను చెల్లించిన సొమ్మును కూడా శీర్షికల్లో రాశాడు. మీరు ఆ కుర్చీలో కొబ్బరి దింపు కార్మికుణ్ణి కూర్చోబెడితే, ఆ రోజు ఆయన పోగొట్టుకునే కూలిని ముందే చెల్లించి, తీసినవన్నీ చూపించి, ఆయన వద్దన్నవి అక్కడే చెరిపేయండి.