పోయినవారి ఓటీపీతో రిటర్న్ వేయకండి: జూలైకి ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేనెరిగిన ఒక కుటుంబం, మరణించిన ఇంటిపెద్ద ఫోనుకు వచ్చిన ఓటీపీతోనే ఆయన ఆదాయపు పన్ను రిటర్న్‌ను ధ్రువీకరించింది. మరణవార్త తెలిసిన బ్యాంకు అప్పటికే ఖాతా నిలిపివేయడంతో రీఫండు జమ కాలేదు. బతికిలేని మనిషి ఆ తేదీన ఎలా ధ్రువీకరించారన్న ప్రశ్నకు కొడుకులు ఇప్పుడు సంజాయిషీ రాస్తున్నారు. జీతం, పెన్షను మాత్రమే ఉన్నవారి రిటర్న్‌కు గడువు జూలై 31. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఈ ఏడాది పెద్దదిక్కును కోల్పోయిన ఇళ్లవారు ఈ విషయం ముందే తెలుసుకోవాలి.

ఓటీపీ కొట్టడమంటే సంతకం పెట్టడమే. పోయినవారి సంతకం మనం పెట్టకూడదని అందరికీ తెలుసు, కానీ సిమ్ చేతిలో ఉండేసరికి ఆ సంగతి మరిచిపోతారు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మరణించినవారి పన్నుకు వారసులే ప్రతినిధులు. ఆ బాధ్యత కూడా వారికి సంక్రమించిన ఆస్తి విలువను మించదు కనుక, భయపడి మరణాన్ని దాచవలసిన అవసరం లేదు. వారసుడు తన పాన్‌తోనే ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోకి వెళ్లి, చట్టబద్ధ వారసుడిగా నమోదు చేసుకొని, ఆమోదం వచ్చాక రిటర్న్ వేసి, తన ఓటీపీతోనే ధ్రువీకరించాలి.

నమోదుకు మరణించినవారి పాన్, మరణ ధ్రువపత్రం, వారసత్వ రుజువు కావాలి. ఒడిశాలో వారసత్వ ధ్రువపత్రం తహసీల్దారు ఇస్తారు. భార్యకు ప్రభుత్వ కుటుంబ పింఛను మంజూరై ఉంటే ఆ ధ్రువపత్రమూ చెల్లుతుంది. మన తెలుగువాళ్లకు ఎక్కువగా చిక్కు తెచ్చేది పేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది; మరణ ధ్రువపత్రంలో అది ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, చివరి 'రావు' ఇంటిపేరుగా మారుతుంది. మరణం నమోదు చేయించేటప్పుడే పాన్ నకలు చూపించి, ప్రతి అక్షరం సరిచూసుకోండి. ఆ నమోదు 21 రోజుల్లో జరగాలి.

ఏప్రిల్ 1 నుంచి మరణించిన రోజు వరకు వచ్చిన ఆదాయం ఆయన పాన్ మీద చూపాలి. ఆ తరువాతి అద్దె, వడ్డీ ఆయన రిటర్న్‌లో కలపకూడదు. కుటుంబ పింఛను భార్య ఆదాయమే. రీఫండు చేతికి అందే వరకు పాన్‌ను సరెండర్ చేయకండి. ఆయన ఏటీఎం కార్డు వాడకండి. నవంబరులో ఆయన పేరిట జీవన ప్రమాణం (పెన్షనరు బతికే ఉన్నారని తెలిపే పత్రం) ఇవ్వకండి. రీఫండు ఇప్పిస్తామని ఫోనులో అడిగే ఎవరికీ ఏ నంబరూ చెప్పకండి. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించండి, అదీ మీ ఓటీపీతోనే. ఆయన పాస్‌వర్డు తెలిసినా ఆయనలా లాగిన్ కాకండి. గడువు దగ్గరపడినా, వారసుడి నమోదుకు ఆమోదం రాకపోయినా, ఇంటర్నెట్ సెంటరువాడు తొందరపెట్టినా ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టకండి. జూలై 31 దాటితే ఆలస్య రుసుము కట్టి డిసెంబరు 31 లోపు రిటర్న్ వేయవచ్చు.