అర్ధరాత్రి “అమ్మా, బుర్ర నొప్పి” అని పిల్లలు ఏడిస్తే: ఏ లక్షణానికి ఏం చేయాలి

మా పాపకి ఎనిమిదేళ్లప్పుడు మొదలైంది. రాత్రి పదింటికి, ఇంకా నిద్ర పట్టకుండానే, లేచి కూర్చుని రెండు చేతులతో నుదురు నొక్కుకుంటూ ఏడ్చేది. మా అత్తయ్య “ఏటో, ఎవరి కళ్లు పడ్డాయో” అంటూ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేవారు, మా ఆయన ఫ్రిజ్ మీద సిరప్ సీసా వెతికేవారు, నేను ఫోన్లో వెతుకుతూ వెతుకుతూ బ్రెయిన్ ట్యూమర్ దగ్గర ఆగి వణికిపోయేదాన్ని. మైగ్రేన్ అని తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఒకచోట అవసరం లేని కళ్లద్దాలు కూడా కొనేశాం.

నేను డాక్టర్ని కాదు. కానీ ఆ నాలుగు నెలల్లో డాక్టర్లు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు రెండే: నొప్పి నిద్రలోంచి లేపుతోందా, లేక మెలకువగా ఉండగా వస్తోందా? పడుకుంటే తగ్గుతోందా, పెరుగుతోందా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే సగం దారి దొరికినట్టే.

ఇవి ఉంటే చదవడం ఆపేసి బయల్దేరండి

జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం, ఫిట్స్, పిలిచినా మత్తుగా ఉండటం, పొంతన లేని మాటలు, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక వాంతులు, ఉన్నట్టుండి ఒక్కసారిగా ఎన్నడూ లేనంత నొప్పి. వీటిలో ఏది ఉన్నా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. విశాఖలో గాజువాకలో ఉండి, మనకి తెలిసిన డాక్టరు ఎం.వి.పి. కాలనీలో ఉన్నారని ఊరు దాటి వెళ్లకండి, రాత్రంతా క్యాజువాలిటీ తెరిచి ఉండే దగ్గరి ఆసుపత్రికే వెళ్లండి. కె.జి.హెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరైతే అక్కడికే.

నిద్రలోంచి నొప్పే లేపుతోంది, తెల్లారి వాంతి అవుతోంది

దీన్ని పైత్యం అనో గ్యాస్ అనో కొట్టిపారేస్తారు, ఎందుకంటే వాంతి అయ్యాక పిల్లాడు హాయిగా లేచి టిఫిన్ తిని బడికి వెళ్లిపోతాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. పడుకున్నప్పుడు తల లోపలి ఒత్తిడి కొంచెం పెరగడం అందరికీ మామూలే. లోపల గడ్డో, నీరు చేరడమో, ఇన్ఫెక్షనో ఉంటే ఆ కొంచెమే ఎక్కువైపోయి తెల్లవారుజామున నొప్పి లేపుతుంది, లేచి తిరిగితే తగ్గుతుంది. దగ్గినా, ముక్కినా, వంగినా పెరుగుతుంది.

దీంతో పాటు గమనించాల్సినవి: కొత్తగా మెల్లకన్ను, ఒకటి రెండుగా కనిపించడం, తల ఒక పక్కకి వాల్చి చూడటం, నడుస్తూ గుమ్మానికి గుద్దుకోవడం, చేతిరాత ఉన్నట్టుండి పాడవడం, ఎప్పుడూ లేని చిరాకు. ఇందులో ఒక్కటి కలిసినా ఆ రోజే చూపించాలి. కంట్లో మందు వేసి కంటి వెనక నరం వాచిందేమో చూస్తారు, అవసరమైతే ఎం.ఆర్.ఐ. రాస్తారు. మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది, మెదడులో టేప్‌వార్మ్ (బద్దెపురుగు) తిత్తులు. పంది మాంసం తినని ఇళ్లలోనూ వస్తుంది, ఎందుకంటే ఆ పురుగు గుడ్లు లోపలికి చేరేది కడగని ఆకుకూరల వల్లా, కడుక్కోని చేతుల వల్లా. దీంట్లో ఫిట్స్ ఎక్కువగా కనిపిస్తాయి.

ఒక మాట: మైగ్రేన్ కూడా అప్పుడప్పుడు నిద్ర లేపుతుంది, గడ్డలు నిజానికి చాలా అరుదు. కాబట్టి టెన్షన్ పడి కూలబడొద్దు, అలాగని మనమే తీర్పు చెప్పేసుకోనూ వద్దు.

నుదురంతా పోటు, లైటు ఆర్పమంటుంది, నిద్రపడితే తగ్గుతుంది

ఇది మా కేసు, మైగ్రేన్. పెద్దవాళ్లకి ఎక్కువగా ఒక పక్కే వస్తుంది కాబట్టి పార్శ్వపు నొప్పి అంటాం, పిల్లలకి మాత్రం చాలావరకు రెండు పక్కలా, నుదుటి మీదే వస్తుంది. రెండు మూడు గంటలు ఉండి పోతుంది కూడా, అందుకే బడికి ఎగనామం పెట్టే నాటకం అనుకుంటారు. వికారం, ముఖం పాలిపోవడం ఉంటాయి. చాలాసార్లు ఇంట్లో తల్లికో తండ్రికో కూడా ఉంటుంది (నాకు ఇంటర్ నుంచీ ఉంది, ఆ సంగతి డాక్టరు అడిగేదాకా నాకే తట్టలేదు). అరకు ఘాట్ మలుపుల్లో ప్రతిసారీ వాంతి చేసుకునే పిల్లల్లో ఇది ఎక్కువ. మా పాప అనంతగిరి రాకుండానే కవరు అడిగేది!

డాక్టరు నోటుబుక్ రాయమన్నారు. మూడు వారాలు రాశాక చూస్తే నొప్పి వచ్చినవన్నీ సోమ, బుధ, శుక్రవారాలు. అవి ట్యూషన్ రోజులు. లంచ్ బాక్స్ సగం మిగిలేది, బడి బాత్రూం బాగోదని నీళ్ల సీసా నిండుగానే తిరిగొచ్చేది, మన ఊరి ఉక్కపోతకి చెమట మాత్రం ధారగా పోయేది, ట్యూషన్ నుంచి వచ్చి తొమ్మిదిన్నరకి గానీ అన్నం తినేది కాదు. ఐదింటికి రెండు ఇడ్లీలో అరటిపండో పెట్టి పంపడం, సీసా ఖాళీ అయిందో లేదో చూడటం, రోజూ ఒకే వేళకి పడుకోబెట్టడం మొదలుపెట్టాం. నెలకి పది సార్లు వచ్చేది ఒకటీ రెండుకి దిగింది.

వచ్చిన రోజున చీకటి గది, ఫ్యాను, తడిగుడ్డ. మందు వేయాలంటే నొప్పి ముదరకముందే వేయాలి. పారాసిటమాల్ కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మళ్లీ వేయాలంటే 4 నుంచి 6 గంటలు ఆగాలి, రోజుకి 4 సార్లు దాటకూడదు. సీసా మీద అంకె తప్పనిసరిగా చూడండి: 5 మిల్లీలీటర్లలో 120 ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. ఒకే మూత కొలతకి మందు రెట్టింపు తేడా! ఆస్పిరిన్ పిల్లలకి వద్దు. నానమ్మ మోకాళ్ల కోసం తెచ్చిన నిమెసులైడ్ బిళ్ల విరిచి అసలే వేయొద్దు, 12 ఏళ్లలోపు పిల్లలకి దాన్ని 2011లోనే నిషేధించారు. శొంఠి పట్టు వేస్తే మానసికంగా హాయేమో గానీ, చెమటకి కరిగి కళ్లలోకి దిగాక ఏడుపు ఇంకో గంట సాగుతుంది, నా అనుభవం.

నెలలో సగం రోజులు సిరప్ వేస్తున్నాం, అయినా రోజూ నొప్పే

అప్పుడు మందే నొప్పి తెస్తోందేమో అని అనుమానించాలి. నెలకి 15 రోజులో అంతకు మించో, మూడు నెలలకి పైగా వాడితే అలా జరగొచ్చు. డాక్టరు చెప్పినట్టు మానిపించాలి, మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

గురక, ముక్కు, పళ్లు, కళ్లు

నోరు తెరిచి గురకపెట్టి, లేవగానే తలనొప్పి అంటే అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉబ్బే కండ) కావచ్చు, ఈ.ఎన్.టి.కి చూపించండి. పది రోజులు దాటినా తగ్గని జలుబు, రాత్రి దగ్గు, బుగ్గల దగ్గర నొప్పి ఉంటే సైనస్. నిద్రలో పళ్లు కొరికితే కణతలు నొప్పెడతాయి. చూపు తేడా అయితే చదివాక సాయంత్రం నొప్పి వస్తుంది, అర్ధరాత్రి నిద్ర లేపదు. మేం అద్దాలు కొన్నది ఈ ఒక్క ముక్క తెలియకే.

జ్వరంతో తలనొప్పి, కళ్ల వెనక నొప్పి

వానలు మొదలయ్యాక ఇది డెంగీ కావచ్చు. పారాసిటమాల్ ఒక్కటే వేయండి, ఐబుప్రొఫెన్ వేయొద్దు, రక్తస్రావం ప్రమాదం ఉంది. జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజుల్లో కడుపు నొప్పి, ఆగని వాంతులు మొదలైతే వెంటనే ఆసుపత్రికి.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఎంతమంది జనరేటర్లు పెట్టుకున్నామో గుర్తుందిగా. జనరేటర్, బొగ్గుల కుంపటి, గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్: వీటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పీ మగతా ముందు వస్తాయి. ముందు అందర్నీ బయటికి తీసుకురండి, ఆ తర్వాతే తలుపులు తెరవడం, 108కి ఫోన్ చేయడం.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటుబుక్కులో ఇవి ఉంటే చాలు: తేదీ, నొప్పి మొదలైన టైము, ఆ రోజు ఎప్పుడేం తిన్నది, వాంతి అయిందా, ఏ మందు ఎంత వేశాం. నడక తేడాగా అనిపించినా, గురక పెడుతున్నా ఫోన్లో అర నిమిషం వీడియో తీసుకెళ్లండి, ఆసుపత్రి గడప తొక్కగానే పిల్లలు బుద్ధిమంతుల్లా సరిగ్గా నడిచేస్తారు.