ఘాట్ దిగే బండికి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

రెండేళ్ళ కిందట మే నెలలో మా పెద్దమ్మ వాళ్ళను తిరుమల కొండ నుంచి దింపుకొస్తున్నాను. వేగన్ఆర్‌లో ఐదుగురం, వెనక లగేజీ. బండిని మూడో గేరులో పెట్టి, కాలు బ్రేకు మీద నుంచి తీయకుండానే మోకాళ్ళ మెట్టు దాటాను. ఇంకొంచెం కిందికి వచ్చేసరికి పెడల్ కాలి కింద మెత్తబడిపోయింది. చపాతీ పిండి ముద్ద తొక్కినట్టుంది. గబగబా రెండో గేరు, ఒకటో గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగుతూ కొండ వైపు ఆపాను. అరగంట కూర్చున్నాక పెడల్ మళ్ళీ గట్టిపడింది.

మరుసటి రోజు షెడ్డుకు తీసుకెళ్తే, "బ్రేక్ బాగానే ఉందమ్మా" అని బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో కాస్త ఆయిల్ పోసి పంపించేశారు. చల్లారిన బండి కాబట్టి బాగానే ఉంటుంది మరి. అసలు సంగతి మా నాయన పట్టుకున్నాడు. ఆయన ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. బానెట్ ఎత్తి డబ్బాలోకి చూసి, "ఇది ఎప్పుడు మార్చినావు మే?" అన్నాడు. బండి కొని ఆరేళ్ళు. ఒక్కసారీ మార్చలేదు.

బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి నూనె కాదు. గాలిలోని తేమను లాక్కునే ద్రవం. మూత బిగించే ఉన్నా రబ్బరు పైపుల గుండా కొంచెం కొంచెంగా నీరు చేరుతూనే ఉంటుంది. సీసా తెరిచిన కొత్త డాట్ 4 (డాట్ అంటే ఆయిల్ రకం చెప్పే గుర్తు) ఆయిల్ కనీసం 230 డిగ్రీల వేడి దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు కలిస్తే ఆ హామీ 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మన ఘాట్ దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచితే డిస్కు కాలి, ఆ వేడి ఆయిల్‌కు తగిలి, లోపలి నీరు ఆవిరవుతుంది. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలిగిపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలకే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. 1944లో వేసిన తిరుమల పాత ఘాట్ రోడ్డులో దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదని దేవస్థానం నియమం పెట్టింది ఊరికే కాదు. రెండో గేరులో దిగండి, ఇంజనే సగం బండిని పట్టుకుంటుంది.

కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. బండి తిరిగినా తిరగకపోయినా అంతే. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ తరచూ ఎక్కి దిగేవాళ్ళు ఏడాదిన్నరకే మార్చినా తప్పు లేదు. రంగు నల్లబడితేనే పాతదని అనుకోకండి, తేట తేనె రంగులో ఉన్నదాంట్లో కూడా నీరు ఉండొచ్చు. డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే పోసేయకండి. డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు అరిగేకొద్దీ అది దిగుతుంది, ముందు ప్యాడ్లు చూపించండి. ఒక్కసారిగా తగ్గితే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే, బండి తీయొద్దు.

ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీదే ఉంటుంది. డాట్ 3 అని ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్‌ది, వీటితో కలవదు. సీలు తీయని సీసానే కొనండి. నిరుడు తెరిచి మిగిల్చిన సగం సీసా పనికిరాదు. ఇంజన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి. మాకు ముప్పావు లీటరు పట్టింది.

వాన లేని రోజు చూసుకోండి. కావలసింది నిపుల్‌కు (చక్రం దగ్గర బ్రేకులో ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) సరిపోయే రింగు పానా (మా బండికి వెనక 8, ముందు 10), సన్నటి తెల్ల పైపు, ఒక ఖాళీ బాటిల్, సూది లేని సిరంజి, పెడల్ తొక్కడానికి ఒక మనిషి. చదునైన చోట ఆపి చక్రాలకు ఇటుకలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టకండి, స్టాండు ఉండాలి. తుప్పు పట్టిన నిపుల్స్ మీద ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. కదలకపోతే బలవంతం చేయొద్దు, విరిగితే పెద్ద పని. షెడ్డుకు ఇచ్చేయండి.

ముందు డబ్బాలోని పాతది సిరంజితో లాగేసి, కొత్తది పోయాలి. తర్వాత డబ్బాకు దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. కొన్ని బండ్లకు ఈ వరుస మారుతుంది, మాన్యువల్‌లో చూసుకోండి.

నాయనకు మోకాళ్ళ నొప్పులు. అందుకే ఆయన సీటులో, నేను కింద. పానా వేసి, పైపు నిపుల్‌కు తొడిగి, రెండో కొన బాటిల్‌లో కొత్త ఆయిల్‌లో మునిగేలా పెట్టాను. "తొక్కు నాయనా." మూడుసార్లు మెల్లగా తొక్కి, "పట్టుకున్నా" అంటాడు. నేను నిపుల్ పావు తిప్పు వదులు చేస్తాను. పెడల్ కిందికి పోతుంది, పైపులో ముదురు టీ రంగు ఆయిల్ జర్రున వస్తుంది. నేను బిగించి "ఇడువు" అన్నాకే ఆయన కాలు తీయాలి. ఈ ఒక్కటీ తారుమారైతే గాలి లోపలికి పోతుంది, అప్పుడు మొదటికి రావాలి. అందుకే ప్రతి మాటా పైకి అనుకుంటాం. పాత బండి అయితే పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. పూర్తిగా అడుగుకు తొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) రబ్బర్లు చిరగొచ్చు.

పదోసారో పన్నెండోసారో పైపులో ముదురు రంగు వెనక నుంచి లేత పసుపు వచ్చింది. మధ్యలో ఆవగింజంత బుడగలు రెండు. అవీ పోయేదాకా చేశాం. ఐదుసార్లకోసారి డబ్బాలోకి తొంగి చూసి నింపాలి. మినిమమ్ గీత కిందికి దిగనిచ్చారా, మళ్ళీ గాలే. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్న బండ్లలో ఆ యూనిట్‌లోకి గాలి చేరితే స్కానర్ ఉన్న షెడ్డులో తప్ప రాదు.

పెయింట్ మీద చుక్క పడితే తుడిచి ఊరుకోకండి, వెంటనే నీళ్ళు పోసి కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. నిపుల్స్ మరీ గట్టిగా బిగించొద్దు. రబ్బరు మూతలు పెట్టేసి, ఇంజన్ ఆన్ చేసి పెడల్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. కిందికి జారకూడదు. నాలుగు చక్రాల దగ్గరా తడి ఉందేమో చూసి, ఇంటి వెనక వీధిలో మెల్లగా నాలుగైదుసార్లు బ్రేక్ కొట్టి చూడండి. పాత ఆయిల్ కాలవలో పోయకుండా, మూత ఉన్న సీసాలో పోసి పాత ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా షెడ్డుకు ఇవ్వండి.

డబ్బా మూత మీద తెల్ల టేపు అంటించి తేదీ రాశాను. ఆ శనివారమే పెద్దమ్మను మళ్ళీ కొండకు తీసుకెళ్ళాను, రెండో గేరులో దిగాను.